నోటికి పట్టని మేత

ఇన్‌స్పెక్టర్ కన్నా ముందు ఆయన మీసం వచ్చింది గదిలోకి. కాసేపటికి ఆయన కూడా వచ్చాడు. ఇద్దరూ కలిసి మూడో తొట్టిలోకి ఒకసారి తొంగి చూసి, కేసు తేల్చేశారు.

"విషం," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఇంక ఎవరి పనులు వాళ్ళు చూసుకోవచ్చు."

ప్రైవేటు డిటెక్టివ్ ఆరా కదల్లేదు. ఆమె అసలు పేరు ఆమె కరెంటు బిల్లుకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఏ గదిలోకి వెళ్ళినా ముందు ఆరా తీసి, తర్వాత నమస్కారం పెడుతుంది కాబట్టి అందరికీ ఆమె ఆరాయే. ప్రస్తుతం ఆమె తొట్టి అంచు మీద పొట్ట ఆనించి, తల కిందికి పెట్టి, పచ్చటి నీళ్ళకి జానెడు దూరంలో వేలాడుతోంది. నీళ్ళ మీద బియ్యపు నూక చల్లినట్టు తెల్లగా చచ్చిన చేపపిల్లలు. లక్షో, లక్షన్నరో. లెక్కపెట్టే ఓపిక ఆ దేవుడికే ఉండాలి.

"ఏమ్మా ఆరా, అందులో పడ్డావంటే శవాల సంఖ్య పెరుగుతుంది."

"మీరున్నారుగా ఇన్‌స్పెక్టర్ గారూ. దానికీ విషమే కారణమని రాసేస్తారు."

గదిలో ఇంకో ముగ్గురున్నారు. ఒకాయన ఈ హ్యాచరీ యజమాని. కుర్చీలో కూలబడి, అరగంట నుంచి ఒకే కన్ను తుడుచుకుంటున్నాడు. రెండో ఆయన చేపల డాక్టరు. చేపలన్నీ చచ్చిపోయాక ఏం చెయ్యాలో తెలియక చేతులు కడుక్కుంటున్నాడు, మూడోసారి. మూడో మనిషి గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఆమె యజమానికి మేనకోడలు. గుడ్డులోంచి వచ్చిన దగ్గర్నుంచి వేలెడు పొడవు అయ్యేదాకా ఇక్కడి చేపపిల్లలకి మేత పెట్టేది ఆమే. అందుకే అందరూ పిల్లలమ్మ అంటారు. పొద్దున్నే ఆరాకి ఫోన్ చేసింది కూడా ఆమే. "మేడమ్, నా పిల్లలు చచ్చిపోయారు, నేను చంపానంటున్నారు," అని రెండు ముక్కలు చెప్పి పెట్టేసింది. ఆ రెండు ముక్కలకి ఆరా కాఫీ కూడా వదిలేసి ఆటో ఎక్కింది.

కేసు చూడబోతే తిరుగులేదు. పిల్లలమ్మ మేత సామాన్లు పెట్టుకునే అలమరలో సగం ఖాళీ అయిన పురుగుమందు సీసా దొరికింది. వెతికి పట్టుకున్నది యజమానే. ఫిర్యాదు ఇచ్చిందీ ఆయనే. నీళ్ళ శాంపిల్ తీసుకుని కానిస్టేబుళ్ళతో సహా జీపు ల్యాబుకి పోయింది. అది తిరిగి రావడమే తరువాయి, పిల్లలమ్మని ఎక్కించుకుని స్టేషన్‌కి పోతుంది.

అంటే ఆరాకి ఉన్నది ఒక జీపు వెళ్ళి వచ్చేంత టైము. మధ్యలో డ్రైవరు టీ తాగితే ఇంకో పది నిమిషాలు. అతను టీ అలవాటున్న మనిషి కావాలని ఆమె మనసులోనే మొక్కుకుంది.

"గ్లాసు ఏదైనా ఉందా? అవతల కనబడేది."

పిల్లలమ్మ గాజు బీకరు అందించింది. ఆరా దాన్ని నీళ్ళలో ముంచి, కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. పచ్చటి నీళ్ళలో నారింజ రంగు చుక్కలు. ఆవగింజలో పదో వంతు ఉంటాయేమో. ప్రతి చుక్కా గిలగిలా ఈదుతోంది.

"ఇవేంటి?"

"ఆర్టీమియా, మేడమ్. పిల్లల మేత. డబ్బాలో ఎండు గుడ్లు వస్తాయి, ఉప్పునీళ్ళలో వేసి గాలి పెడితే ఒక్కరోజులో పొదుగుతాయి. పిల్లలు కదిలేదాన్నే తింటాయి. చచ్చినదాన్ని పక్కనే పెట్టినా చూడవు."

"ఎప్పుడేశావ్?"

"పొద్దున్నే. వేసి లైటు వేసి చూస్తే..." ఆమె అక్కడితో ఆగిపోయింది.

ఆరా బీకరుని ఇన్‌స్పెక్టర్ ముక్కు కింద పెట్టింది. "చూడండి సార్. మేత బతికే ఉంది. డ్యాన్సులు చేస్తోంది."

"అయితే?"

"లక్ష చేపల్ని చంపిన పురుగుమందు ఈ నలుసుల్ని ఎలా వదిలేసింది? ఒక్కోదాని దగ్గరా ఆగి, నువ్వు పురుగువా చేపవా అని అడిగిందా?"

ఇన్‌స్పెక్టర్ బీకరు వంక చూశాడు. నలుసులు కూడా ఆయన వంక చూసినట్టే ఉన్నాయి.

"విషం రాత్రి కలిపింది. మేత పొద్దున వేసింది. ఈలోగా విషం విరిగిపోయి ఉంటుంది."

"పాలా సార్, విరిగిపోడానికి?"

డాక్టరు దగ్గాడు. "ఆవిడ చెప్పింది నిజమే సార్. పురుగుమందు పడితే ముందు పోయేది ఆర్టీమియాయే."

"మిమ్మల్నెవరైనా అడిగారా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. డాక్టరు నాలుగోసారి చేతులు కడుక్కోడానికి వెళ్ళాడు.

యజమాని అదే కన్ను మళ్ళీ తుడుచుకున్నాడు. "ఎత్తుకుని పెంచానండీ. నా నోటితో నేను దాన్ని అనాల్సి వచ్చిందంటే..."

"మావయ్యా, నేనెందుకు చంపుతాను? మీకు పుణ్యముంటుంది, ఒక్కసారి ఆలోచించండి."

"నాకేం తెలుసమ్మా? మొన్న బ్యాచ్ అమ్మకం విషయంలో నాతో గొడవపడ్డావు. ఇంకా చిన్న పిల్లలు, ఇప్పుడే అమ్మొద్దన్నావు. ఆ కోపం మనసులో పెట్టుకున్నావేమో."

"అమ్మొద్దన్నానని చంపేస్తానా?"

ఆ ప్రశ్న ఆరాకి నచ్చింది. సమాధానం కోసం ఆగలేదు, ఆగే టైము లేదు. పిల్లలమ్మని చెయ్యి పట్టుకుని పక్క గదిలోకి లాక్కుపోయింది. అది మేత గది. నాలుగు గరాటా తొట్లు కాళ్ళ మీద నిలబడి, అడుగున గాలి బుడగలతో గుడగుడమంటున్నాయి.

"మొదట్నుంచీ చెప్పు. ఏమీ తెలియని దానికి చెప్పినట్టు చెప్పు. నిజంగానే నాకేమీ తెలియదు."

పిల్లలమ్మ చెప్పుకుపోయింది. పుట్టిన చేపపిల్లకి మొదట నోరే ఉండదు. పొట్ట కింద సొన సంచి ఉంటుంది, పుట్టింటివాళ్ళు కట్టిచ్చిన సద్దిమూట లాగా. అది అయిపోవస్తుంటే నోరు తెరుచుకుంటుంది. ఆ నోరు సూదిమొన అంత. దానికి పట్టేది రోటిఫర్ అని ఒక జీవి, కంటికి కనబడదు, పచ్చనీళ్ళలో పెంచుతారు. పదీ పన్నెండు రోజులు అదే. నోరు పెరిగాక ఆర్టీమియా. ఏ తొట్టిలో ఏ వయసు పిల్లలున్నారో పలక మీద రాసి ఉంటుంది. పలక చూసి మేత వేస్తారు.

"మూడో తొట్టిలో?"

"రెండు వారాల పిల్లలు. మొన్నే ఆర్టీమియాకి మార్చాను."

"తింటున్నాయో లేదో చూడవా?"

పిల్లలమ్మ తల దించుకుంది. "రోజూ బీకరుతో పట్టి పొట్టలు చూస్తాను మేడమ్. తింటే పొట్ట నారింజ రంగులో నిండుగా కనబడుతుంది. మొన్నటి నుంచి చూళ్ళేదు. రోగం తిరుగుతోంది, తొట్టిలో ఏదీ ముంచొద్దని డాక్టరు గారన్నారట. మావయ్య చెప్పారు. నీళ్ళు కూడా ఈమధ్య మరీ చిక్కగా పచ్చగా ఉన్నాయి, పైనుంచి ఏమీ కనబడదు. పలక మీద ఏముంటే అదే వేశాను."

ఆరా ఒక్కసారి ఆగింది. ఆమె ఆగడం చాలా అరుదు. కాళ్ళు మాత్రం ఆగలేదు, ఉన్నచోటే అటూ ఇటూ ఊగుతున్నాయి.

"భూతద్దం ఉందా?"

ఉంది. చచ్చిన పిల్లనొకదాన్ని గాజు పలక మీద పెట్టి, ఇద్దరూ తలలు గుద్దుకుంటూ చూశారు. తెల్లటి దారప్పోగు. ఒక చివర నల్లటి కన్ను. ఆ కన్ను కింద నోరు ఉందీ అంటే ఉంది. దాని పక్కన ఆర్టీమియా నలుసు పడి ఉంది. ఆ నోటికి ఆ నలుసు, చంటిబిడ్డ నోటికి గుమ్మడికాయ అందించినట్టు ఉంది.

పిల్లలమ్మ భూతద్దాన్ని ఇంకా కిందికి దించింది. "మేడమ్... పొట్ట కింద సంచి ఉంది. ముడుచుకుపోయి ఇంకా ఉంది."

"అంటే?"

"రెండు వారాల పిల్లలకి సంచి ఉండదు. ఇవి పుట్టి మూడు నాలుగు రోజులే అయింది. ఇవి నా పిల్లలు కావు!" అంటూనే మొహం వాడిపోయింది. "అయ్యో. పాపం, మొదటి ముద్ద కోసం నోరు తెరిచాయి. నేను నోటికి పట్టనిది తెచ్చి పోశాను. చుట్టూ అన్నం పెట్టుకుని ఆకలితో పోయాయి."

ఎవరో తొట్టిలో ఉన్న పెద్ద పిల్లల్ని తీసేసి, అప్పుడే పుట్టినవాటిని పోశారు. తేడా తెలియకుండా నీళ్ళు చిక్కబరిచారు. బీకరు ముంచకుండా ఆర్డరు వేయించారు. మిగతా పని పిల్లలమ్మ చేతే, పలక చూపించి, శ్రద్ధగా చేయించారు.

"కొత్తగా గుడ్లు పెట్టిన తల్లిచేప ఏదైనా ఉందా?"

"ఉంది. ఆ గుడ్లు పాడైపోయాయి, పారబోయించానని డాక్టరు గారు అన్నారని..."

"మళ్ళీ డాక్టరేనా?" అంది ఆరా. ఆ డాక్టరు చేతులు కడుక్కోవడం ఆమెకి మొదట్నుంచీ నచ్చలేదు. "సరే. నీ అసలు పిల్లలు ఇప్పుడు ఎవరి దగ్గరో ఉన్నాయి. వాడు మేత పెట్టకపోతే ఏమవుతుంది?"

"ఆ వయసులో ఆకలికి ఆగవు మేడమ్. రెండు మూడు గంటలు మేత పడకపోతే పెద్దది చిన్నదాన్ని తోక పట్టుకుని మింగేస్తుంది. మింగలేక అది, బయటికి రాలేక ఇది, రెండూ పోతాయి. మిగిలినవి మళ్ళీ మొదలెడతాయి."

ఆరా గబగబా లేచింది. ఈ పిల్లని విడిపించే సాక్ష్యం ప్రపంచంలో ఒక్కటే ఉంది. అది ఎక్కడో ఒక తొట్టిలో కూర్చుని తనని తానే తినేస్తోంది.

పెద్ద గదిలోకి తిరిగి వెళ్ళి, ఆమె అందరికీ వినబడేలా గొంతు పెంచింది. "ఇన్‌స్పెక్టర్ గారూ, ఇది హత్య కాదు. దొంగతనం. తొట్టిలో పిల్లల్ని మార్చేశారు."

భూతద్దం కథ మొత్తం విన్నాక ఇన్‌స్పెక్టర్ చాలాసేపు నవ్వాడు. "అంటే చంటిపిల్లల వార్డులో బిడ్డలు మారిపోయినట్టా? లక్షమందీనా?"

"వయసు తేడా మీకు డాక్టరు గారు చెప్తారు. ఏమండీ?"

డాక్టరు భూతద్దంలోంచి చూశాడు. చూసి తెల్లబోయాడు. "ఔను. ఇవి పసివే."

"అయితే ఈ అమ్మాయే మార్చి ఉంటుంది!" అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఆయన దారి మారినా గమ్యం మారదు. "దొంగిలించి అమ్ముకోడానికి. జీపు రానీ. మీసం మీద ఒట్టు, సాయంత్రానికి ఒప్పిస్తా."

"సాయంత్రానికి ఒప్పుకోడానికి ఏమీ మిగలదు సార్." ఆరా ఒక్కొక్కళ్ళ మొహం వంకా చూస్తూ, కావాలనే నెమ్మదిగా చెప్పింది. "దొంగ ఎవరైనా సరే, గంటలోపు బతికున్న మేత పడాలి. లేదంటే అవి ఒకదాన్నొకటి తినేసి చివరికి ఒకే ఒక్క చేప మిగులుతుంది. చాలా లావుగా ఉంటుంది కానీ, ఒక్కటే. అంత మేత ఈ చుట్టుపక్కల ఈ పక్క గదిలో తప్ప ఎక్కడా లేదు."

యజమాని తుడుచుకునే కన్ను మార్చాడు. డాక్టరు గడియారం చూసుకున్నాడు. ఆరా డాక్టరు గడియారాన్నే చూసింది.

తర్వాత ఏం చెయ్యాలో ఆమెకి బాగా తెలుసు. బయటికి వెళ్తున్నట్టు వెళ్ళి, చుట్టు తిరిగి మేత గదిలోకి వచ్చి, గుమ్మం పక్కన ఉప్పు బస్తాల వెనకాల కూర్చుంది. దొంగ మేత కోసం వస్తాడు. వస్తే పట్టుకుంటుంది. ఇంత గొప్ప పథకం వేసినందుకు తనకి తనే భుజం తట్టుకుందామనుకుంది కానీ, బస్తాల మధ్య చెయ్యి లేవలేదు.

ఎవరూ రాలేదు. గరాటాలు గుడగుడమన్నాయి. ఒక దోమ వచ్చింది, దాని మీద ఆరాకి అనుమానం లేదు. కాలు తిమ్మిరెక్కింది. జీపు చప్పుడు వినిపించిందనుకుని రెండుసార్లు లేచి కూర్చుంది.

చివరికి తలుపు తెరుచుకుంది. ఆరా ఎగిరి దూకింది. ఇన్‌స్పెక్టర్ కెవ్వుమన్నాడు.

"ఏంటమ్మా ఇది! మనిషన్నవాడికి గుండె ఉంటుందని తెలియదా?"

"మీరెందుకొచ్చారు?"

"నువ్వెక్కడ చచ్చావో చూద్దామని! డాక్టరు ఆఫీసులో కూర్చుని మందుల కంపెనీకి ఫోన్లు చేసుకుంటున్నాడు. కదల్లేదు. నీ దొంగ ఏడీ?"

ఆరా చెవి గరాటాల వైపు తిప్పింది. గుడగుడ తగ్గింది. ఇందాక నాలుగు గరాటాలు. ఇప్పుడు మూడే మోగుతున్నాయి. గది ఆ చివర ఉన్న నాలుగోది అడుగుదాకా ఖాళీ. దాని పక్కనే ఒక చిన్న తలుపు, పెరట్లోకి. ఆమె గుమ్మం దగ్గర కాపలా కూర్చుంటే, ఆ గుడగుడలో అడుగుల చప్పుడు కూడా వినబడకుండా, పెరటి తలుపులోంచి వచ్చి పని కానిచ్చుకుని వెళ్ళిపోయారు.

మేత వడగట్టే గుడ్డ కడిగి, పిండి, తీగ మీద ఆరేసి ఉంది. దొంగ ఎవడూ గుడ్డ ఆరేసి పోడు.

"పిల్లలమ్మ," అంది ఆరా. "సార్, ఆ అమ్మాయి ఎక్కడుంది?"

"కాపలాలోనే ఉంది. కానిస్టేబుళ్ళు లేరుగా, అందుకని వాళ్ళ మావయ్యకి అప్పజెప్పాను. కాస్త చూస్తుండండి అని."

"ముద్దాయిని ఫిర్యాదుదారుకి అప్పజెప్పారా?"

"ఇంట్లోవాళ్ళే కదా!"

ఆరా తల గోడకేసి కొట్టుకోలేదు, గోడ కాస్త దూరంగా ఉంది కాబట్టి. మేత కావాలని ఊరంతా వినబడేలా అరిచింది తను. దొంగకి మేత ఒక్కటే ఉంటే ఏం లాభం? వేసే చెయ్యి కావాలి. ఆ చెయ్యి పిల్లలమ్మదే. డాక్టరు అన్నాడని అన్నదంతా, యజమాని నోట్లోంచే కదా వచ్చింది!

పెరటి తలుపు బయట సిమెంటు నేల మీద నారింజ రంగు చుక్క. రెండడుగుల్లో ఇంకోటి. ఇంకోటి. మేత క్యాను కొళాయి కొంచెం వదులు చేసి పట్టుకెళ్ళినట్టు, వరసగా. ఎండకి వెనకటి చుక్కలు అప్పుడే ఆరిపోతున్నాయి. ఆరా పరుగందుకుంది. ఇన్‌స్పెక్టర్ ముందు నడిచాడు, తర్వాత పరిగెత్తాడు.

చుక్కలు గేటు వైపు వెళ్ళలేదు. వెనక్కి తిరిగి, పాత ఐసు గది దగ్గర ఆగాయి. తలుపుకి బయట తాళం. గోడ అడుగున నీళ్ళు పోయే తూము. ఆరా నేల మీద పడుకుని తూముకి నోరు ఆనించింది. కాసేపు తటపటాయించి ఇన్‌స్పెక్టర్ కూడా పడుకున్నాడు.

"పిల్లలమ్మా!"

"మెల్లగా మేడమ్, తింటున్నాయి." లోపల గొంతు నిబ్బరంగా ఉంది. "సగం ఉన్నాయి. మావయ్య రెండు రోజులుగా బిస్కెట్ పొడి వేస్తున్నాడు. బిస్కెట్ పొడి! ఇందాక మీరన్న మాట విని కంగారుపడి నన్ను లాక్కొచ్చాడు. ఇన్సూరెన్స్ డబ్బులూ వస్తాయి, వీటిని వేరేవాళ్ళకి అమ్మిన డబ్బులూ వస్తాయి. నన్ను కూడా తీసుకెళ్తాడట, దారిలో మేత పెట్టడానికి. లారీ కోసం వెళ్ళాడు."

"తాళం పగలగొడతాను, పక్కకి జరుగు!" అన్నాడు ఇన్‌స్పెక్టర్. కొత్తగా వచ్చిన కోపంతో మొహం ఎర్రబడింది.

"వద్దు సార్! ఇప్పుడు తలుపు తీస్తే చేపలతో, మేతతో దొరికేది నేను. 'దాచింది ఇదే, పట్టుకుని తాళం వేశాను' అంటాడు మావయ్య. మీరే నమ్ముతారు. పొద్దున నమ్మారుగా."

ఇన్‌స్పెక్టర్ తూము వాసనకి ముక్కు మూసుకున్నాడు.

"నన్ను తీసుకెళ్ళనివ్వండి," అంది పిల్లలమ్మ. "కొనేవాడి దగ్గర పట్టుకుంటేనే నేను బయటపడేది. నేను పక్కనుంటే ఇవి అక్కడిదాకా బతుకుతాయి. మీరు మాత్రం వెనకాల రండి. తప్పకుండా రండి."

"దేంట్లో రావాలి?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ గొంతు తగ్గించి. "జీపు లేదు."

"నేను ఆటోలో వచ్చాను," అంది ఆరా. "వాడు అప్పుడే వెళ్ళిపోయాడు."

రివర్సులో వస్తున్న లారీ కూత వినబడింది. ఇద్దరూ ఐసు గది పక్క సందులోకి దొర్లారు. లారీ వచ్చి ఆగింది. వెనకాల మనిషి ఎత్తు రేకు ట్యాంకు, పైన గుండ్రటి మూత తెరిచి ఉంది. యజమాని దిగాడు. ఇప్పుడు రెండు కళ్ళూ పొడిగానే ఉన్నాయి. డ్రైవరుని వెంటబెట్టుకుని, తాళంచెవి వెతుక్కుంటూ ముందు వైపుకి వెళ్ళాడు.

లారీ మీద దాక్కోడానికి ఇంకెక్కడా చోటు లేదు. ఆరా ఇన్‌స్పెక్టర్ వంక చూసింది. ఇన్‌స్పెక్టర్ ట్యాంకు వంక చూశాడు.

"నేను ఇరవై ఏళ్ళ సర్వీసున్న ఆఫీసర్ని," అన్నాడు ఆయన.

"అయితే ముందు మీరే ఎక్కండి."

ఎక్కారు. లోపల చీకటి, తడి రేకు చల్లదనం, ఇద్దరి మోచేతులకీ నాలుగైదు చోట్ల గొడవ. ఒక మోకాలు ఆరా డొక్కలో ఉంది. అది ఎవరి మోకాలో తేల్చుకునే లోపే పైన అడుగుల చప్పుడయింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. లావుపాటి రబ్బరు గొట్టం ఒకటి మూతలోంచి జారి వాళ్ళిద్దరి మధ్య పడింది.

"ఇదేంటి?" గుసగుసలాడాడు ఇన్‌స్పెక్టర్.

ఆరా గొట్టం చివర తడిమి చూసింది. చేపపిల్లల్ని ట్యాంకులోకి వదిలే ముందు ఎవరైనా ఏం చేస్తారన్నది, ట్యాంకులోకి దిగాక ఆలోచించాల్సిన విషయం కాదు.

గొట్టం ఒక్కసారి తన్నుకుంది. చల్లటి నీళ్ళు మీద పడ్డాయి. పాదాలు మునిగాయి. చీలమండలు మునిగాయి. అరిస్తే పిల్లలమ్మ జైలుకి పోతుంది. అరవకపోతే... నీళ్ళు మోకాళ్ళు దాటాయి. పైన మూత గొట్టం పట్టేంత సందు వదిలి మూసుకుంది, గడియ బిగించిన చప్పుడు వినబడింది.

బయట యజమాని డ్రైవరుకి జాగ్రత్తలు చెబుతున్నాడు.

"అంచుదాకా పట్టు. అంగుళం కూడా ఖాళీ ఉంచకు. ఖాళీ ఉంటే దారిలో నీళ్ళు ఊగి, పిల్లలు గోడలకి కొట్టుకుని చచ్చిపోతాయి."